గురువుతో వాదు పెట్టుకునే చదువు

ఇమాన్యుయెల్ లాస్కర్ తన చదరంగం పాఠ్యగ్రంథం చివర్లో ఒక లెక్క వేశాడు. ఆట బొత్తిగా తెలియని కుర్రవాడికి 200 గంటలు దొరికాయనుకుందాం. నియమాలకూ చిన్న అభ్యాసాలకూ 5 గంటలు, తేలికపాటి ఎండింగ్‌లకు 5, ఓపెనింగ్‌లకు 10, కాంబినేషన్లకు 20, పొజిషన్ ఆటకు 40. మిగతా 120 గంటలూ ఆడటానికీ, ఆడినదాన్ని విప్పి చూసుకోవడానికీ. ఇంత చేస్తే పెద్ద ప్రతిభ లేనివాడు కూడా మాస్టర్ ఎదుట కూర్చుని, ఒక పావు తగ్గించుకుని ఆడమని బతిమాలుకోనక్కరలేని స్థాయికి వస్తాడని ఆయన నమ్మకం.

లాస్కర్ 1894 నుంచి 1921 దాకా, అంటే 27 ఏళ్లు, ప్రపంచ చాంపియన్. గణితంలోనూ గట్టివాడు. అయినా ఈ లెక్కలో కొంత అతిశయం ఉందని నాకనిపిస్తుంది. 200 గంటల్లో అంత దూరం పోవడం కష్టం. కానీ ఆ పంపకం చూడండి. పుస్తకం రాసిన మనిషే పుస్తకచదువుకు సగంకంటే తక్కువ వాటా ఇచ్చాడు. అందులోనూ ఓపెనింగ్‌లకు పదే గంటలు. ఇవాళ ఏ ఊళ్లో కోచింగ్ చూసినా పిల్లలు ముందుగా బట్టీ కొట్టేది ఓపెనింగ్ వరసలనే. లాస్కర్ చూస్తే నెత్తి పట్టుకునేవాడు.

జేబులోని ఫోనులో స్టాక్‌ఫిష్ అనే చదరంగం ఇంజిన్ ఉంది. ఏ ప్రపంచ చాంపియన్‌నైనా అది చిత్తు చేస్తుంది. అలాంటప్పుడు నూరేళ్ల నాటి గురువుల పుస్తకాలు చదవాలా అన్నది చదరంగం నేర్చుకునేవాళ్లనీ, నేర్పేవాళ్లనీ చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. ఆ పుస్తకాలను వేదంలా కళ్లకద్దుకునేవాళ్లు ఒకవైపు, మ్యూజియం సరుకని తోసేసేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరూ ఆ పుస్తకాల్లో వెతుకుతున్నది తీర్పులనే. ఏ ఎత్తు మంచిది, ఏది చెడ్డది అని. తీర్పులు కావాలంటే యంత్రమే మేలు, అందులో సందేహం లేదు. పాత గురువు దగ్గర దొరికేది వాదం. ఒక మనిషి తన ఎత్తుకు కారణం చెబుతాడు, దాన్ని మనం ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, బోర్డు మీద పెట్టి తేల్చుకోవచ్చు. ఆ పుస్తకాల్లో ఏది నిలిచింది, ఏది పోయింది అన్నది ఈ దృష్టితో చూస్తేనే తెలుస్తుంది.

నిలిచినవాటిలో మొదటిది కాపాబ్లాంకా ‘చెస్ ఫండమెంటల్స్’. 1921లో, లాస్కర్ నుంచి కిరీటం గెలుచుకున్న ఏడాదే అది వెలువడింది. ఈ క్యూబా ఆటగాడు తన పుస్తకాన్ని ఓపెనింగ్‌తో మొదలుపెట్టలేదు. రాజు, రూక్ కలిసి ఒంటరి రాజుకు ఆటకట్టు ఎలా పెట్టాలో చూపిస్తూ మొదలుపెట్టాడు. తర్వాత రెండు బిషప్‌లు, తర్వాత బంటును క్వీన్‌గా మార్చడం. బోర్డు మీద మూడు నాలుగు పావులే ఉన్నప్పుడు ఒక్కో పావు బలం ఎంతో, రాజు ఎక్కడ నిలబడాలో, ఎవరి వంతు అన్నది ఎందుకంత ముఖ్యమో స్పష్టంగా కనిపిస్తుంది. ముప్ఫై రెండు పావుల గుంపులో అదే సంగతి చెప్పినా బుర్రకెక్కదు. 1934 ముద్రణకు రాసిన ముందుమాటలో ఈ పుస్తకం నూరేళ్ల తర్వాత కూడా ఇంతే పనికొస్తుందని ఆయన ధీమాగా చెప్పుకున్నాడు. గడువు ఇంకా నిండలేదు గానీ, ఇప్పటిదాకా ఆ మాట పోలేదు. ఏడు పావుల దాకా మిగిలిన స్థితులన్నిటికీ కంప్యూటర్లు తిరుగులేని జవాబులు లెక్కగట్టి పెట్టాయి. రాజు, బంటు ఎండింగ్‌ల గురించి కాపాబ్లాంకా చెప్పిన మూలసూత్రాలు ఆ పరీక్షలోనూ నెగ్గాయి.

అదే మనిషి ఆ సూత్రాలను బోర్డు మీద ఎలా వాడాడో చూడాలంటే 1924 న్యూయార్క్ టోర్నమెంటులో టార్టకోవర్‌తో ఆడిన ఆట తీయాలి. రూక్ ఎండింగ్. మామూలు ఆటగాడైతే తన బంట్లను కాపాడుకుంటూ కూర్చుంటాడు. కాపాబ్లాంకా రాజును ముందుకు కదిపాడు. ప్రత్యర్థి రూక్ ఒక బంటును చెక్ ఇస్తూ తీసుకుంది. రాజు ఇంకో అడుగు వేశాడు. ఇంకో బంటు పోయింది, అదీ చెక్‌తోనే. రాజు మాత్రం ఆగలేదు. చివరికి తన బంటు పక్కన చేరి, ఎదుటి రాజును మూలకు నొక్కి పెట్టాడు. అక్కడినుంచి పోయిన బంట్లన్నీ తిరిగి రావడం మొదలుపెట్టాయి. పావుల లెక్క కంటే రాజు చురుకుదనం ముఖ్యమన్న పాఠం ఈ ఒక్క ఆటతో వచ్చినంత బలంగా మరెక్కడా రాదు. ఆ టోర్నమెంటు ఆటలన్నిటికీ వ్యాఖ్య రాసినవాడు అలెఖిన్. మూడేళ్ల తర్వాత కాపాబ్లాంకాను ఓడించి కిరీటం పట్టుకుపోయినవాడూ అతనే. ప్రత్యర్థిని ఎంత శ్రద్ధగా చదివాడో ఆ వ్యాఖ్యల్లో తెలుస్తుంది.

‘ఫండమెంటల్స్’ రెండో భాగంలో ఉన్నవి ఆదర్శంగా ఇచ్చిన ఆటలు. వాటిలో కాపాబ్లాంకా తాను ఓడినవి కూడా పెట్టాడు. 1911లో సాన్ సెబాస్టియన్‌లో రూబిన్‌స్టీన్ చేతిలో, 1914లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లాస్కర్ చేతిలో ఓడినవి వాటిలో ఉన్నాయి. కిరీటం కొత్తగా తలకెక్కిన మనిషి అలా చేయడం చిన్న విషయం కాదు. అలాగని ఆయన మాటలన్నీ శిలాశాసనాలు కావు. క్వీన్, గుర్రం జంట కొన్నిసార్లు క్వీన్, బిషప్ జంటకంటే విలువైనది కావచ్చునన్నాడు. దాన్నే పట్టుకుని తరాల తరబడి కోచ్‌లు సూత్రంగా నూరిపోశారు. లక్షల ఆటలున్న డేటాబేస్‌లు తిరగేసినవాళ్లకు చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.

ఎండింగ్ నుంచి వెనక్కి నడిచే ఈ పద్ధతి కాపాబ్లాంకా ఒక్కడిదే కాదు. వృత్తిరీత్యా వైద్యుడైన జర్మన్ మాస్టర్ టరాష్ 1931లో రాసిన ‘ది గేమ్ ఆఫ్ చెస్’ కూడా ఎండింగ్‌తో మొదలై, మిడిల్ గేమ్ మీదుగా చివరికి ఓపెనింగ్‌కు వస్తుంది. బోధకుడిగా టరాష్‌కు సాటి వచ్చేవాళ్లు తక్కువ. చిక్కల్లా ఆయన నిశ్చయంతోనే. తనకు నచ్చని ఓపెనింగ్ ఎత్తు కనిపిస్తే చాలు, తప్పని తేల్చి ప్రశ్నార్థకం తగిలించేవాడు. అలా ఆయన కొట్టిపారేసిన ఎత్తులు ఇవాళ అగ్రశ్రేణి టోర్నమెంటుల్లో రోజూ కనిపిస్తున్నాయి.

ఈ నిశ్చయం మీద తిరగబడినవాడే నిమ్‌జోవిచ్. టరాష్ అంతకుముందు రాసిన పుస్తకాన్ని ఖండిస్తూ 1913లో వియన్నా పత్రికలో వ్యాసం రాశాడు. 1925 నుంచి వెలువడిన ‘మై సిస్టమ్’తో ఆ పోరును పూర్తిస్థాయి శాస్త్రంగా మార్చాడు. సెంటర్‌ను బంట్లతోనే ఆక్రమించనక్కరలేదు, దూరం నుంచి పావులతో అదుపులో పెట్టొచ్చన్నాడు. ఓపెన్ ఫైల్, ఏడో వరస, బంట్ల గొలుసు, దూసుకొస్తున్న బంటుకు ఎదురుగా పావు నిలిపి దిగ్బంధించడం, ప్రత్యర్థి ఆలోచనను ముందే పసిగట్టి అడ్డుకోవడం లాంటివాటికి పేర్లు పెట్టి, విడివిడి అధ్యాయాలు రాసి, నేర్పదగిన పాఠాలుగా మలిచాడు. ఈనాటి ఏ కోచ్ మాట్లాడినా సగం మాటలు ఆయనవే. 1923లో కోపెన్‌హాగెన్‌లో జెమిష్ మీద గెలిచిన ఆట ఆ పుస్తకానికి మకుటం. బోర్డు నిండా పావులుండగానే ఎదుటివాడికి ఏ ఎత్తు వేసినా నష్టమే అన్న స్థితి తెచ్చిపెట్టాడు.

అయినా మొదటి పుస్తకంగా ‘మై సిస్టమ్’ను పిల్లల చేతిలో పెట్టడం పొరపాటని నా అభిప్రాయం. నిమ్‌జోవిచ్ పేజీ పేజీకీ ఎవరితోనో తగవులాడుతుంటాడు. ఆ అవతలివాడు టరాష్ అని, అతని వాదం ఇదని తెలియకపోతే సగం గొడవ అర్థం కాదు. పైగా సొంత సూత్రాలను అవసరానికి మించి సాగదీస్తాడు. ముఖ్యమైన గడిని అవసరానికి మించిన పావులతో కాపాడుకోవాలన్న సూత్రం అలాంటిదే. ఈనాటి ఆటగాళ్లు దాన్ని ఆచరణలో పెద్దగా లెక్కచేయరు. 1998లో జాన్ వాట్సన్ ‘సీక్రెట్స్ ఆఫ్ మోడర్న్ చెస్ స్ట్రాటజీ’ రాసి నిమ్‌జోవిచ్ తర్వాత ఆట ఎటు పోయిందో తేల్చాడు. పాత పుస్తకాల్లోని సాధారణ సూత్రాల మీద ఆధునికులు ఆధారపడటం మానేశారనీ, ఎదురుగా ఉన్న స్థితి ఏమి కోరుతోందన్నదే వాళ్లకు ప్రమాణమనీ ఆయన వాదన. ఆ మాట నిజం. కానీ సూత్రం తెలిసి దాటడం వేరు, తెలియక దాటడం వేరు. టరాష్‌ను ఔపోసన పట్టినందువల్లే నిమ్‌జోవిచ్‌కు అతన్ని కాదనే హక్కు వచ్చింది. చిన్ననాడే నిమ్‌జోవిచ్ ‘చెస్ ప్రాక్సిస్’ను కంఠస్థం చేసినంత పని చేసిన టిగ్రాన్ పెట్రోసియాన్ తర్వాత ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ప్రత్యర్థి ఆలోచనను మొగ్గలోనే తుంచే ఆటకు ఆయన పేరు స్థిరపడిపోయింది.

పాఠ్యగ్రంథాల సంగతి అలా ఉంచితే, నేర్చుకునేవాడికి మరింత మేలు చేసేవి గురువులు తమ ఆటలకు తామే వ్యాఖ్య రాసుకున్న పుస్తకాలు. వాటిలో ప్రమాదమూ ఎక్కువే. గెలిచినవాడు కథ రాస్తే తన గెలుపు మొదటి ఎత్తు నుంచీ ఖాయమైనట్టే రాస్తాడు. అలెఖిన్ ఆటల సంపుటంలో బోర్డు మీద ఐదు క్వీన్లున్న స్థితి ఒకటి, 1915 మాస్కోలో నిజంగా ఆడిన ఆటగా ఉంది. అసలు ఆటలో అలెఖిన్ నల్లపావులతో ఆడాడనీ, ఐదు క్వీన్ల స్థితి విశ్లేషణలో పుట్టిందేననీ చదరంగ చరిత్రకారులు తర్వాత బయటపెట్టారు. అంతమాత్రాన ఆ పుస్తకం పారేయనక్కరలేదు, దాడి ఎలా కట్టాలో అంత బాగా చూపినవి తక్కువ. కాకపోతే కవి తన కావ్యానికి తానే వ్యాఖ్యానం రాసుకున్నప్పుడు ఎంత జాగ్రత్తగా చదువుతామో అంత జాగ్రత్తగా చదవాలి.

మిఖాయిల్ తాల్ దీనికి పూర్తి విరుద్ధం. వాస్యుకోవ్‌తో ఆడిన ఒక ఆటలో గుర్రాన్ని బలి ఇవ్వాలా వద్దా అని లెక్కలు వేస్తుంటే, కొమ్మలకు కొమ్మలు పుట్టి తల తిరిగిపోయిందట. అప్పుడు పిల్లల కవి చుకోవ్‌స్కీ రాసిన గేయం గుర్తొచ్చి, బురదలో కూరుకుపోయిన నీటిగుర్రాన్ని బయటికి లాగడమెలా అన్న ఆలోచనలో పడిపోయాడు. జాకీలు, మీటలు, హెలికాప్టర్లు అన్నీ ఊహించి, చివరికి చస్తే చావనీ అని వదిలేసి, లెక్కలు మాని గుర్రాన్ని బలిపెట్టాడు. మర్నాడు పత్రికలో, తాల్ 40 నిమిషాలు ఖచ్చితంగా లెక్కగట్టి మరీ ఆ ఎత్తు వేశాడని రాశారు! తన ఆత్మకథాత్మక సంపుటంలో ఈ ముచ్చట తాల్ స్వయంగా చెప్పాడు. 1960లో బోట్విన్నిక్‌ను 12½–8½తో ఓడించిన మ్యాచ్ మీద రాసిన పుస్తకంలోనూ అంతే. ఎక్కడ భయపడ్డాడో, ఎక్కడ ఊహమీద ఆడాడో దాచుకోడు. గురువు తల లోపల ఏం జరుగుతోందో ఎరుక కలిగించే పుస్తకాలు ఇవే. కోటోవ్ ‘థింక్ లైక్ ఎ గ్రాండ్‌మాస్టర్’లో చెప్పిన ఆలోచనా వృక్షం, ఒక్కో కొమ్మనూ ఒక్కసారే చూసి రావాలన్న క్రమశిక్షణ, తాల్ నీటిగుర్రం ముందు కాస్త వెలవెలబోతాయి. ఎత్తులను ముందుగా జాబితా వేసుకోవాలన్న కోటోవ్ సలహా మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

1953 జూరిక్ క్యాండిడేట్స్ టోర్నమెంటు మీద బ్రాన్‌స్టీన్ రాసిన పుస్తకం ఈ జాతిలో తలమానికం. 15 మంది ఆటగాళ్లు, 210 ఆటలు, అన్నిటికీ వ్యాఖ్య. వరసలు గుప్పించకుండా ఒక్కో ఆటలో ఒక్కో ఆలోచన పట్టుకుని చెబుతాడు. కొంత ఆట వచ్చినవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠశాల లేదు. రెటీ ‘మోడర్న్ ఐడియాస్ ఇన్ చెస్’ కూడా చదవదగ్గదే గానీ, అది చరిత్ర పాఠం, ఆట పాఠం కాదు.

వాదం గురించి అన్నాను కదా, దానికి మంచి నిదర్శనం బాబీ ఫిషర్ ‘మై 60 మెమొరబుల్ గేమ్స్’లో ఉంది. 1969 నాటి ఈ పుస్తకంలో ఓడిన ఆటలు మూడు, డ్రాలు తొమ్మిది. ఆ డ్రాల్లో ఒకటి 1962 వర్నా ఒలింపియాడ్‌లో బోట్విన్నిక్‌తో ఆడింది. రూక్ ఎండింగ్‌లో ఫిషర్‌దే పైచేయి. ఆట మర్నాటికి వాయిదా పడింది. రాత్రికి రాత్రి సోవియట్ జట్టు విశ్లేషణలో గెల్లర్ ఒక ఉపాయం కనిపెట్టాడు, బోట్విన్నిక్ బతికి బయటపడ్డాడు. గెలుపు తనదేనని ఫిషర్ పుస్తకంలో వరసలు చూపించి వాదించాడు. బోట్విన్నిక్ ఊరుకోలేదు, ఆ స్థితిని తన పాఠశాల పిల్లల ముందు పెట్టాడు. ఫిషర్ వాదనకు జవాబు పట్టుకొచ్చినవాడు 13 ఏళ్ల గారీ కాస్పరోవ్. ఇంజిన్ ఆ స్థితికి ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెతో పిల్లవాడు వాదించలేడు. ఫిషర్‌తో వాదించగలిగాడు, ఆ వాదంలోనే పెరిగాడు.

పుస్తకాల వల్ల నిజంగా ఏం ఒంటబడుతుందన్న దానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు కొంత జవాబు ఇచ్చారు. స్వయంగా ఆటగాడైన డచ్ పరిశోధకుడు డి గ్రూట్ 1946లో తేల్చిందేమిటంటే, గ్రాండ్‌మాస్టర్ మిగతావాళ్లకంటే మరీ ఎక్కువ ఎత్తుల లోతుకు ఏమీ పోడు, చూడవలసిన ఎత్తు అతని కళ్లకు ముందే కనబడుతుంది. 1973లో చేజ్, సైమన్ చేసిన ప్రయోగాల్లో, నిజమైన ఆటలోని స్థితిని కొద్ది క్షణాలు చూపిస్తే మాస్టర్ దాన్ని చాలావరకు తిరిగి పేర్చాడు. పావులను అడ్డదిడ్డంగా పేర్చి చూపిస్తే కొత్తవాడికీ అతనికీ పెద్ద తేడా లేకపోయింది. అంటే నేర్చుకున్నవాడి దగ్గర ఉండేది అర్థవంతమైన స్థితుల పెద్ద కోశం. గురువుల ఆటలు ఆ కోశాన్ని నింపుతాయి, ఊరికే పేజీలు తిప్పితే మాత్రం నింపవు. గెలిచినవాడి వైపు కూర్చుని, తర్వాతి ఎత్తును కాగితంతో కప్పి, మన ఎత్తు మనం వేసి, అప్పుడు కాగితం తీయాలి. తేడా వచ్చినచోట ఎందుకో రాసుకోవాలి. ఇంజిన్‌ను అడగడం చిట్టచివరి పని.

ఇది పాతకాలం చాదస్తమనేవాళ్లకు గుకేశ్ పేరు చెప్పాలి. 2024 డిసెంబరులో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయిన ఈ చెన్నై కుర్రవాణ్ని, కోచ్ విష్ణు ప్రసన్న ఎదుగుదల సంవత్సరాల్లో ఇంజిన్‌కు దూరంగా ఉంచాడు. సొంతంగా ఆలోచించే అలవాటు ముందు పడాలన్నది ఆయన పట్టుదల. ఆనంద్ తరం వాళ్లకైతే పుస్తకాలే దిక్కు. బాల్యంలో మనీలాలో ఉన్నప్పుడు ఆనంద్ ఒక టీవీ కార్యక్రమంలో ఇచ్చే చదరంగం చిక్కుముడులు విప్పి, బహుమతిగా పుస్తకాలు గెలుచుకునేవాడు. చివరికి నిర్వాహకులు కావలసిన పుస్తకాలన్నీ తీసుకుపొమ్మనీ, ఇక జవాబులు పంపొద్దనీ చెప్పారట.

పాత పుస్తకాలు కొనేవాళ్లకు రెండు హెచ్చరికలు. అబిడ్స్ ఆదివారం సంతలోనో, పాత పుస్తకాల కొట్లోనో చవగ్గా దొరికే ముద్రణల్లో తరచుగా పాత ఇంగ్లీషు పద్ధతి గుర్తులుంటాయి. అందులో పి–కె4 అంటే తెల్లవాడికి ఈనాటి ఇ4, నల్లవాడికి ఇ5, ఎందుకంటే ఎవరి వైపు నుంచి వాళ్లు లెక్కపెట్టుకుంటారు. వారం రోజుల్లో అలవాటైపోతుంది గానీ, పదేళ్ల పిల్లలకు మాత్రం ఆ తలనొప్పి అనవసరం. రెండోది, కొత్త గుర్తులతో వచ్చిన ప్రతులన్నీ నమ్మదగ్గవి కావు. ఫిషర్ పుస్తకానికి 1995లో ఇంగ్లండులో వచ్చిన ముద్రణలో విశ్లేషణను మార్చేశారు. ఫిషర్ బహిరంగంగా మండిపడ్డాడు. 2008 ముద్రణలో అసలు పాఠాన్ని తిరిగి తెచ్చారు. ‘చెస్ ఫండమెంటల్స్’ 2006 సవరణ ప్రతిలోనూ కాపాబ్లాంకా ఎంచిన ఆటలు కొన్ని మారాయి. గురువు మాట గురువు నోట వినాలంటే ప్రతి చూసి కొనాలి. కాపాబ్లాంకా మూలం గుటెన్‌బర్గ్ ప్రాజెక్టులో ఉచితంగా దొరుకుతుంది.

ఏది ముందు, ఏది వెనక అని అడిగితే నేను చెప్పేది ఇది. ‘చెస్ ఫండమెంటల్స్’ ఎండింగ్‌లతో మొదలుపెట్టండి. దానితోపాటు లాస్కర్ 1895లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల చిన్న పుస్తకం ‘కామన్ సెన్స్ ఇన్ చెస్’ చాలు. తర్వాత తాల్ గానీ ఫిషర్ గానీ, ఎవరి ఆట మిమ్మల్ని లాగితే వాళ్ల సంపుటం. నిమ్‌జోవిచ్, బ్రాన్‌స్టీన్ ఆ తర్వాతే. ఈ పుస్తకాల్లోని ఓపెనింగ్ అధ్యాయాలను దాటేయండి, వాటికి కాలం చెల్లింది.

చివరగా మన ప్రచురణకర్తలకు ఒక విన్నపం. గుడివాడ హంపి, గుంటూరు హరికృష్ణ, హారిక, వరంగల్ అర్జున్ పుట్టిన నేల ఇది. చదరంగం నేర్చుకుంటున్న పిల్లలు చిన్న ఊళ్లలో కూడా ఉన్నారు, వాళ్లలో చాలామందికి ఇంగ్లీషు వ్యాఖ్య చదవడం కష్టం. కాపాబ్లాంకా 1942లో, లాస్కర్ 1941లో చనిపోయారు. రచయిత మరణించాక 60 ఏళ్లు నిండితే మన దేశంలో కాపీరైట్ ఉండదు, కాబట్టి పైన చెప్పిన రెండు చిన్న పుస్తకాలకూ ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆట తెలిసిన ఒక అనువాదకుణ్ని పెట్టుకుని, ప్రతి స్థితికీ బొమ్మ వేసి, పిల్లలు కొనగలిగే ధరకు వాటిని తెలుగులో అచ్చు వేయండి.